రివాల్వర్ మీద బొట్టు

మొన్న దసరా నాడు పొద్దున్నే మా కోడలు తన కుట్టు మిషనును తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, సందుసందుకూ నూనె చుక్కలు వేసి ముందు గదిలో పీట మీద పెట్టింది. నేను పసుపు తడుపుకొని, కుంకుమ భరిణె పట్టుకొని వెళ్లేసరికే దాని ముందు భాగాన ఎర్రటి స్టిక్కరు బొట్టు ఒకటి అంటించి ఉంది. ఇదేమిటమ్మా అని అడిగితే, పసుపు నీళ్లకు మిషను రంగు పోతుందని, ఇదైతే రేపు గీకి తీసేస్తే మరక కూడా మిగలదని చెప్పింది. ఆమె మాటలో తప్పేమీ లేదు. సుల్తానాబాద్‌లో మా వాడకట్టు ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆ మిషను మీదనే కుడుతుంది, దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటుంది. కానీ ఆ నూనె వాసన, మరక అన్న ఆ మాట రెండూ ఒక్కసారే తగిలేసరికి నేను గిన్నె చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను. నా ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు గానీ, పండుగ పనిలో ఉన్న ఆ పిల్లకు ఏమని చెప్పను? మా మేనమామ ఇంట్లో ఆదివారం పూట వచ్చే వాసన అది. వాళ్లింట్లో కుట్టు మిషను లేదు. రివాల్వర్లు ఉండేవి.

మా బాపు జైనూర్ వైపు గుట్టల పల్లెల్లో పంతులుగా పనిచేసేవాడు. ఆయన చెప్పే బడిలో చిన్న తరగతులే తప్ప పై చదువు లేదు. అందుకని నన్ను ఖానాపూర్‌లో మా అవ్వ తమ్ముడి ఇంట్లో, అంటే మా మేనమామ దగ్గర, దించిపోయాడు. మామకు, అత్తకు పిల్లలు లేరు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు గానీ, నన్ను మాత్రం ఇద్దరూ చెరో పక్కకు గుంజేవాళ్లు. మామ వరి, పసుపు పండించే రైతు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఇంటి గోడల నుంచి మా పుస్తకాల దాకా అన్నీ అదే వాసన కొట్టేవి. అత్త వేళ్లు ఏడాది పొడుగునా పచ్చగానే ఉండేవి, ఎన్ని సార్లు కడిగినా గోళ్ల అంచున ఆ పసుపు పోయేది కాదు.

మా తాత, అంటే మామ తండ్రి, నిజాం కాలంలో పోలీసు పటేలు. ఆయన పోతూ పోతూ కొడుక్కి కొంత భూమిని, లైసెన్సుతో సహా ఒక పాత రివాల్వర్‌ను వదిలి వెళ్లాడు. భూమిని చూసుకోవలసినంతే చూసుకున్న మామ, ఆ రివాల్వర్‌ను మాత్రం చూస్తూ చూస్తూ అందులో పడిపోయాడు. దాని జోడు ఎక్కడుంది, దాని కన్నా పాతది ఎట్లా ఉంటుంది, ఏ దేశంలో ఏ తీరుగా చేశారు అని ఆరా తీయడం మొదలుపెట్టి, దొరల గడీలు కూలి సామాను బజారున పడుతున్న ఆ రోజుల్లో ఒక్కొక్కటే సంపాదించాడు. తాత రివాల్వర్ తప్ప మిగిలినవన్నీ పేలనివే. పేల్చే మొనలు తీయించి, పాత వస్తువులుగా ఉంచుకునేందుకు పై నుంచి అనుమతి తెచ్చుకున్నాడు. ఊళ్లో ఒకడు పావురాలు పెంచుతాడు, ఒకడు కోడిపుంజులు పెంచుతాడు, ఈయన తుపాకులు పెంచుతున్నాడని వాడకట్టంతా నవ్వేవాళ్లు. మామ కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. తాగుడు లేదు, పేకాట లేదు, ఆయనకున్న పిచ్చి అదొక్కటే.

ఆదివారం పొద్దున అన్నం తిన్నాక అరుగు మీద చాప పరిచి టేకు పెట్టె తెరిచేవాడు. మిషను నూనె సీసా, అత్త పాత చీర పేలికలు పక్కన పెట్టుకొని ఒక్కొక్కదాన్నే తీసి తుడిచేవాడు. ట్రిగ్గరు కత్తిలాగా లోపలికి మడిచిపెట్టుకునేది ఒకటి ఉండేది. గుర్రం మీద పోయేవాడి చేతిలోంచి జారిపోకుండా తాడు కట్టుకునేందుకు పిడి కింద కడియం ఉన్నది ఒకటి. ఏనుగు దంతపు పిడితో అరచేతిలో ఇమిడిపోయేది ఇంకొకటి, అది ఏదో గడీలో దొరసాని దిండు కింద ఉండేదట. నేను లెక్కలు చేసుకుంటూ కూర్చుంటే వాటి కథలు చెప్పేవాడు. ఆ కథల్లో నిజమెంతో నాకు తెలియదు గానీ, లెక్కలకన్నా అవే నాకు బాగా వచ్చాయి.

కరీంనగర్‌లో పాత సామాను అమ్మే సాయెబు ఒకాయన మామకు ప్రాణ స్నేహితుడు. గడీల తాళాలు, హుక్కాలు, షాండ్లియర్ల గాజు ముక్కల మధ్య కూర్చొని ఉండేవాడు. మామ వెళ్తే చాయ్ మీద చాయ్ తెప్పించి, అమ్మడం కొనడం మరిచిపోయి ఇద్దరూ పొద్దు గూకే దాకా మాట్లాడుకునేవాళ్లు. ఆయన మామకు నేర్పిన సూత్రం ఒక్కటే, పాత లోహాన్ని ఎప్పుడూ రుద్దకూడదు. దాని మీది రంగే దాని వయసు, దాన్ని మెరిపించడమంటే ముసలాయన ముఖానికి పౌడరు పూసినట్టేనని ఆయన అనేవాడు. మామకు అది వేదమైంది. నూనె పేలికతో తుడవడమే తప్ప ఇంకేదీ వాటిని తాకరాదు. మేము ముట్టుకుంటే చేతి చెమట అంటుతుందని, పిడి దగ్గర తప్ప పట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆ సాయెబు దగ్గరే మామకు నేరేడు రంగు రివాల్వర్ దొరికింది. ఇనుముకు అట్లాంటి రంగు ఉంటుందని నేను అప్పటి దాకా అనుకోలేదు. నీడలో నల్లగా, ఎండలో పెడితే పండిన నేరేడు పండులాగా ఊదాగా మెరిసేది. ఆ తయారీవి మన దేశంలో ఇంకెక్కడా కనబడలేదని, అందులోనూ రంగు పోకుండా ఉన్నది ఇదొక్కటేనేమోనని సాయెబు అన్నాడట. మామ దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు. ఇంటికి వచ్చి, అన్నం పెట్టమని కూడా అడగకుండా, మా ఇద్దరినీ అరుగు మీదికి పిలిచి ఎండలో తిప్పి తిప్పి చూపించాడు. అత్త చాలాసేపు చూసి, బాగుందని చెప్పి, ఇది ఎవరి ప్రాణం తీసి వచ్చిందో ఏమోనని మెల్లగా అన్నది.

ఆ భయం అత్తకు మొదటి నుంచీ ఉంది. అన్నీ ఎవరెవరి ఇళ్ల నుంచో వచ్చినవి, ఏ చేతిలో ఏం చేశాయో తెలియనివి. అందుకే దసరా ఆమెకు ముఖ్యం. కొడవళ్లు, పారలు, నాగలి కర్రు కడిగి పీట మీద పేర్చి, వాటి పక్కనే రివాల్వర్లను కూడా పెట్టి, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టేది. బొట్టు పెడితే అది మన ఇంటిదవుతుందని, ఇంటిదైనది ఇంటివాళ్లకు కీడు చేయదని ఆమె నమ్మకం. తక్కినవన్నీ అప్పటికే గీతలు పడ్డవి, రంగు పోయినవి కాబట్టి మామ ఏమీ అనేవాడు కాదు. ఆ ఏడాది ఆయన జమ్మి చెట్టు దగ్గరికి పోయి వచ్చేలోగా అత్త నేరేడు రంగు దానికి కూడా, గొట్టం మొదట్లో, నిండుగా బొట్టు పెట్టింది. దేవుడికి పెట్టిన బొట్టు మనం చెరపరాదు, అదే రాలిపోవాలని మా వైపు పట్టింపు. మామ చూసి పేలిక అందుకున్నాడే గానీ, పండుగ పూట తుడవడానికి చెయ్యి రాలేదు. నాలుగు రోజులకు అది రాలింది. రాలిన చోట రంగు లేదు. వేలి కొన అంత మేర గుండ్రంగా, ఎర్రటి జంగు పట్టి ఉంది.

మామ ఆ పూట అన్నం తినలేదు. నా జన్మలో ఆయన అత్త మీద గొంతు పెంచింది ఆ రోజే. ఇంత అపురూపమైన దాని ఇజ్జతు తీసినవని కేకలు వేశాడు. అత్త ఎదురు చెప్పలేదు, తగ్గనూ లేదు. బొట్టు లేని వస్తువు ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదని మాత్రం అన్నది. మామ ఆ మరక పోగొట్టాలని తన సూత్రాన్ని కూడా పక్కన పెట్టాడు. నూనెలో నానబెట్టాడు, చింతపండు పెట్టి చూశాడు, సాయెబు ఇచ్చిన ఏదో పొడితో మెల్లమెల్లగా రుద్దాడు. అది పోలేదు.

మళ్లీ దసరా వచ్చేసరికి ఇంట్లో ఏమవుతుందోనని నాకు భయం. అత్త పసుపు గిన్నెతో వచ్చి నేరేడు దాని ముందు కూర్చున్నది. మామ దాన్ని గబుక్కున చేతిలోకి తీసుకున్నాడు. చివరికి అత్తే రాజీకి వచ్చి, కొత్త జాగ పాడుచేయను, పోయినేడు పెట్టిన కాడనే పెడతానని చెప్పింది. మామ ఆ మరకకు రెండు పక్కలా తన బొటనవేలు, చూపుడువేలు అడ్డం పెట్టి, రివాల్వర్‌ను ఆమె ముందుకు చాచాడు. ఆ సందులో అత్త బొట్టు పెట్టింది. ఆ తర్వాత ఏటా అంతే. నీ వేలు జర సన్నగుంటే బాగుండునని ఆయన, నీ మనసు జర పెద్దగుంటే బాగుండునని ఆమె అనుకుంటూ, ఆ మరక మీదనే మరక పడుతూ పోయింది. ఏండ్లు గడిచేకొద్దీ అది ఇనుములో చిన్న గుంట అయింది. అత్త కళ్లు మూసుకొని పెట్టినా వేలు సరిగ్గా అందులోనే కూర్చునేది. నాకు పెళ్లయి సుల్తానాబాద్ వచ్చాక కూడా, దసరా అంటే పంచుకునే జమ్మి ఆకు బంగారం కన్నా ముందు నాకు కళ్లలో మెదిలేది ఆ ఇద్దరి చేతులే.

తర్వాత మా వైపు రోజులు మారాయి. మీకందరికీ తెలిసిన రోజులే అవి, విడమరచి చెప్పను. అడవిలో ఉన్నవాళ్లు ఒకవైపు, పోలీసులు ఒకవైపు, తుపాకి ఉన్న ఇల్లంటే రెండు వైపుల చూపూ పడే ఇల్లు. లైసెన్సులు ఉన్నవాళ్లంతా ఆయుధాలు ఠాణాలో జమ చేయాలన్నారు. మా నాయినది తప్ప తక్కినవి పేలవు సార్, పాత సామాను అని మామ చెప్పి చూశాడు గానీ, పేలుతాయో పేలవో అడిగి తెలుసుకొని ఎవరూ రారు కదా అని పోలీసులు అన్న మాట కూడా నిజమే. ఒక్కొక్కదానికీ నూనె పట్టించి, అత్త పాత చీర చింపిన పేలికల్లో చుట్టాడు. బయలుదేరేటప్పుడు అత్త ఆగమని చెప్పి, గడప దాటే ఆడబిడ్డకు పెట్టినట్టు అన్నిటికీ బొట్టు పెట్టింది. అది దసరా కాదు, అయినా మామ నేరేడు దాని మరకకు రెండు పక్కలా వేళ్లు పెట్టి చాచాడు. ఠాణాలో అప్పుడున్న జమేదారు మంచివాడు. వీటిని రుద్దొద్దు, కడగొద్దు, ఉన్నవి ఉన్నట్టే ఉంచండని మామ చెప్తే శ్రద్ధగా విన్నాడు. ఆ మంచి జమేదారు ఆరు నెలలు తిరగకముందే బదిలీ అయిపోయాడు.

ఇస్తామన్నవాళ్లు ఇవ్వలేదు, ఇవ్వమనీ అనలేదు. పరిస్థితి సర్దుకోనీ అనేవాళ్లు. పరిస్థితి ఏండ్ల తరబడి సర్దుకోలేదు. ప్రతి దసరాకూ అత్త కొడవళ్లు, పారలు పేర్చి, రివాల్వర్లు పెట్టే చోటు మాత్రం పీట మీద ఖాళీగా వదిలేసేదట. అట్లాంటి ఒక ఏడాది వానకాలంలో, పసుపు చేనులో కలుపు తీయించి వచ్చి చలి పెడుతుందని పడుకున్నది. ఖానాపూర్‌లో సూదులు వేశారు, తగ్గలేదు. కరీంనగర్ తీసుకొచ్చేటప్పటికే ఆలస్యమైంది. నేను ఆస్పత్రికి వెళ్లేసరికి మామ బయట బల్ల మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి పక్కకు జరిగి నాకు జాగ ఇచ్చాడు. ఆ జరగడంలోనే నాకు అర్థమైపోయింది.

దినాలు అయిపోయాక ఆమె చీరలు అక్కచెల్లెళ్లు పంచుకున్నారు. ఫోటో అంటే పెళ్లినాటిది ఒకటి, అందులో సగం ముఖం చెమ్మకు పోయింది. నేను తిరిగి వెళ్లే రోజు మామ అరుగు మీద ఖాళీ టేకు పెట్టె ముందేసుకొని కూర్చొని ఉన్నాడు. ఆయనకు ఆ వస్తువుల మీద ఉన్న ఆశ చూసి నాకు లోపల కొంచెం కోపం కూడా వచ్చింది, మనిషి పోయిన ఇంట్లో ఇదేం ధ్యాస అని. ఆయన నా ముఖం చూసి కనిపెట్టినట్టున్నాడు.

"అన్ని నాకెందుకు బిడ్డా. అదొక్కటి ఇస్తే చాలు. దాని మీద మీ అత్త వేలున్నది."

అప్పటి నుంచి మామ ఠాణా చుట్టూ, పై ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మోకాళ్లు నొప్పి పెట్టినా, చేను కౌలుకు ఇచ్చి మరీ తిరిగాడు. పాత సామాను మీద ముసలాయనకు ఎంత మమకారమో అని అక్కడివాళ్లు నవ్వుకునేవాళ్లట. ఏం కావాలో విడమరచి చెప్పమని నేనంటే, పోలీసోళ్లకు ఆడమనిషి వేలి సంగతి ఎట్ల చెప్తనని తల వంచుకునేవాడు. ఆ ఒక్క మాట సిగ్గు పడకుండా చెప్పి ఉంటే ఎట్లా ఉండేదోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. చెప్పలేదు. మా కాలంలో మగవాళ్లకు పెళ్లాం మీద ప్రేమ ఉండేది గానీ, దాన్ని చెప్పే నోరు ఉండేది కాదు.

చివరికి ఆర్డరు వచ్చింది. దసరా వెళ్లిన మూడోనాడు వచ్చి తీసుకుపొమ్మన్నారు. మామ ఒక్కడే పోలేడని నేను కూడా వెళ్లాను. పొద్దున్నే తలస్నానం చేసి, తెల్ల ధోతి కట్టుకొని, టేకు పెట్టెలో కొత్త పేలికలు పరిచి సిద్ధంగా ఉన్నాడు. ఠాణా గుమ్మానికి బంతిపూల తోరణం ఇంకా వేలాడుతూనే ఉంది, పూలు వాడి నల్లబడ్డాయి. మా పిల్లవాడి వయసున్న జవాను ఒకతను మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, లోపలికి పోయి ట్రేలో అన్నీ పేర్చుకొని వచ్చాడు. ముఖం నిండా సంతోషం. ఆ వస్తువులు తళతళ మెరుస్తున్నాయి. వెండి గిన్నెల్లాగా మెరుస్తున్నాయి. అన్నిటి పిడుల మీదా కొత్తగా పెట్టిన పసుపు కుంకుమ.

దసరా పూజకు ఠాణాలో ఉన్న ఆయుధాలన్నీ తీశామని, మీవి చీర పేలికల్లో జంగు పట్టి కనబడితే పండుగ పూట అట్లా పెట్టబుద్ధి కాక నలుగురం కూర్చొని శుభ్రం చేశామని అతను చెప్పాడు. ఆ నేరేడు రంగు దాన్ని నేను పోల్చుకోలేకపోయాను. ఏ రంగూ లేకుండా తెల్లగా ఉంది. మామ దాన్ని తీసుకొని కిటికీ దగ్గరికి వెళ్లి, గొట్టం మొదలు వెలుతురుకు పట్టి చూశాడు. వేలితో తడిమాడు. పోల్చుకోవడానికి ఏమీ లేదు, గుంట కూడా లేదు, నున్నగా ఉంది.

"దీని మీద గీడ ఒక పెద్ద మరక ఉండె సార్, ఎంతకు పోలే. ఆకురాయి పెట్టి, మల్ల గరుకు కాయితం పెట్టి రుద్దితే పోయింది. ఇగ కొత్తదాని లెక్క," అన్నాడు జవాను.

నేను ఏదో అనబోయాను. మామ చెయ్యి అడ్డం పెట్టాడు. అతని కళ్లలో ఉన్న సంబరం ఆయన చూశాడు. పరాయివాళ్ల వస్తువుకు పండుగ పూట పూజ చేసి, బొట్టు పెట్టి ఇచ్చిన పిల్లవాడు. అత్త చేసింది కూడా అదే కదా.

"మంచిగ జేసిండ్రు బిడ్డా," అన్నాడు మామ. సంతకాలు పెట్టి, పెట్టె చంకన పెట్టుకొని బయటికి వచ్చాడు.

ఇంటికి పోయాక మామ పెట్టెను అరుగు మీద దించి, దాని పక్కన కూర్చొని, తన బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి తెచ్చి ఆ రెంటి మధ్య సందును చాలాసేపు చూసుకున్నాడు. ఆ తర్వాత అన్నాడు.

"నేను గన్ని తీర్ల రుద్దిన, పోలే. వాళ్లకు ఒక్క పూటల పోయింది." ఆ రెండు వేళ్లనూ మడుచుకున్నాడు. "నేను గట్టిగ రుద్దలే గావచ్చు."

అప్పుడు ఏడ్చాడు. అత్త పోయిన రోజున కూడా ఏడవని మనిషి. నేను కూడా ఏడ్చాను, ఆపమని ఆయనకు చెప్పలేదు.

ఆ చలికాలంలోనే మామ అన్నీ సర్కారుకు అప్పజెప్పి, తాతలనాటి లైసెన్సు కూడా వాపసు ఇచ్చేశాడు. ఈ సంగతి చెప్పడానికి కరీంనగర్ పోతే, సాయెబు రంగు పోయిందని విని బాధపడ్డాడట. రంగు గురించి కాదని మామ ఆయనకు మాత్రం చెప్పాడట. ఆ ముసలాయన చాలాసేపు మామ చెయ్యి పట్టుకొని కూర్చున్నాడట. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. టేకు పెట్టె నా దగ్గరే ఉంది, అందులో శీతాకాలం దుప్పట్లు పెట్టుకుంటాను. మూత తీస్తే ఇప్పటికీ ఆ నూనె వాసన లీలగా వస్తుంది.

మా కాలంలో వస్తువులకు మనుషులు అంటుకునేవాళ్లు. రోలుకు ఒక పక్క అరుగుదల, కత్తిపీటకు ఒక చోట వంపు, తలుపు గడియకు చేతి నునుపు, చూస్తే ఎవరు వాడారో తెలిసేది. ఇప్పుడు ఫోను కొంటే దానికి తొడుగు, కుర్చీ కొంటే దాని మీది ప్లాస్టిక్ కవరు అట్లాగే, దేనికీ గీత పడకూడదు. గీత పడేలోపు కొత్తది వస్తుంది. అది తప్పని నేను అనను. మామ కూడా అట్లాగే అనుకున్నాడు కదా, మరక పడకూడదని.

దసరా వెళ్లిన మర్నాడు మా కోడలు మిషను మీది స్టిక్కరు బొట్టును గోటితో లేపి తీసేసింది. చెప్పినట్టే దాని కింద ఏమీ లేదు, కొత్తదానిలాగే ఉంది. రేపెప్పుడో నా మనుమలు ఆ మిషనును అటక మీంచి దించి తుడిచినా, వాళ్లమ్మ వేలు ఎంత ఉండేదో వాళ్లకు తెలియదు.